నక్షత్రాల రేవులో సుంకపు చావడి

మనిషి ఎంత దూరం ప్రయాణించినా రెండింటిని వదిలిపెట్టి పోలేడు. ఒకటి ఆకలి, రెండవది లెక్క. ఎడ్లబండి కట్టుకొని సంతకు పోయే రైతుకు ఈ మాట ఎంత నిజమో, కల్పనాలోకంలో ఒక నక్షత్రం నుండి మరొక నక్షత్రానికి ఓడ నడిపే నాఖుదాకు కూడా అంతే నిజం. అయినప్పటికీ వైజ్ఞానిక కల్పన ఆధారంగా ఆడే పాత్రధారణ క్రీడలలో రేవు నిబంధనలు, సరుకు జాబితాలు, సుంకాలు, లంగరు రుసుములు దేనికని ప్రశ్నించేవారు అనేకులు కలరు. ఆకాశంలో విహరించడానికి వచ్చినవానికి కచేరీ గుమాస్తా పని ఎందుకన్నది వారి ఆక్షేపణ. ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన ఆక్షేపణ కాదు. అయినా దానితో నేను ఏకీభవించలేను. రేవు నియమాలను తొలగించిన యెడల ఆ క్రీడలో సాహసం మిగులునేమో గాని, బాధ్యత మిగలదని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఆధారాలను పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఈ క్రీడ స్వరూపాన్ని గూర్చి రెండు మాటలు. నలుగురైదుగురు మిత్రులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు రిఫరీ. ఆయన లోకాన్ని వర్ణిస్తాడు, ఎదురుపడే మనుషుల తరఫున మాట్లాడుతాడు. తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేయునో నోటితో చెబుతారు. ఫలితం సందిగ్ధమైనచోట పాచికలు నిర్ణయిస్తాయి. ఇందులో గెలుపు ఓటములు ప్రధానం కావు. అందరూ కలిసి ఒక కథను జీవించుటయే ప్రధానం. ఈ కోవలో అంతరిక్ష వాణిజ్యాన్ని ఆటలోనికి తెచ్చిన ప్రసిద్ధ రచన ‘ట్రావెలర్’. మార్క్ మిల్లర్ రూపొందించగా, అమెరికాలోని గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అనే సంస్థ 1977లో దీనిని మూడు చిన్న నల్ల పుస్తకాలుగా వెలువరించింది. ఆ సంస్థ 1996లో మూతపడినను ఆట మాత్రం ఆగలేదు. కొత్త ముద్రణలతో నేటికీ సాగుతూనే ఉన్నది.

ఆ లోకంలో ఓడ ఒక్కొక్క దుముకుకు ఒకటి మొదలు ఆరు పార్సెక్‌ల దూరం పోగలదు. పార్సెక్ అనగా సుమారు 3.26 కాంతి సంవత్సరాలు. కాని దూరం ఎంతైనా దుముకుకు పట్టే కాలం మాత్రం దాదాపు ఒక వారం. అంతకన్న ముఖ్యమైన నియమం ఇంకొకటి కలదు. ఓడ కంటె వేగంగా వార్త పోలేదు. అక్కడ తంతి లేదు, రేడియో అందదు. ఒక లోకంలో జరిగిన సంగతి పొరుగు లోకానికి తెలియాలంటే ఓడ మోసుకొని పోవలసిందే. తెరచాపల ఓడల కాలంలో లండను నుండి మద్రాసుకు ఉత్తరం చేరుటకు నెలలు పట్టిన స్థితి వంటిదే ఇది. అట్టి లోకంలో రేవు అధికారి పై అధికారిని అడిగి చెబుతానని అనలేడు. వచ్చినవాడు దొంగో దొరో ఆ కాగితాలను, ఆ ముఖాన్ని చూచి తానే తేల్చుకోవాలి. వచ్చినవాడు కూడా తన మంచితనాన్ని అక్కడికక్కడే రుజువు చేసుకోవాలి. ఈ ఇద్దరు అపరిచితులు ఎదురుపడే స్థలమే రేవు. ఇంతకు మించిన నాటకీయ సన్నివేశం ఏ యుద్ధంలో దొరుకును?

ఇక లెక్కల సంగతి. 1981 నాటి సవరించిన ముద్రణ ప్రకారం 200 టన్నుల స్వతంత్ర వర్తక నౌక వెల 3 కోట్ల 70 లక్షల 80 వేల క్రెడిట్లు. ఐదవ వంతు ముందు చెల్లించి, తక్కినదానికి నెలకు వెలలో 240వ వంతు చొప్పున 480 నెలలు, అనగా 40 ఏండ్లు, వాయిదా కట్టాలి. చివరకు చెల్లించేది అసలు వెలకు రెండింతలు దాటుతుంది. నెలసరి వాయిదా 1,54,500 క్రెడిట్లు. నెలకు రెండు దుముకులకు శుద్ధి చేసిన ఇంధనం, గదులలో గాలి నీరు తిండి, పైలటు మొదలు వైద్యుని వరకు నలుగురి జీతాలు, లంగరు రుసుము, సాలీనా మరమ్మతులో నెల వంతు కలిపితే ఖర్చు సుమారు 2 లక్షల 40 వేలకు చేరుతుంది. రాబడి చూడండి. ఆరుగురు పై తరగతి ప్రయాణికులు తలకు 10,000 చొప్పున, 82 టన్నుల సరుకు టన్నుకు 1,000 చొప్పున, శీతల నిద్రలో ప్రయాణించే ఇరవైమంది తలకు 1,000 చొప్పున ఇచ్చినచో దుముకుకు 1,62,000, నెలకు 3,24,000. ఓడ నిండుగా ఉంటే మిగులు ఉన్నది. రాబడి నాలుగింట మూడు వంతులకు పడిపోతే చేతిలో మిగిలేది దాదాపు శూన్యం. అంతకు తగ్గితే అప్పు.

ఈ అంకెలను నీరసమైన పద్దుగా భావించువారు వాటి వెనుక నిలిచిన మనిషిని చూడడం లేదు. వాయిదా తేదీ దగ్గరపడుతున్నది, కొట్టు సగం ఖాళీగా ఉన్నది. రేవులో ఒక అపరిచితుడు వచ్చి మూత తెరవవద్దనే షరతుతో పది పెట్టెలు తీసికొనిపొమ్మంటాడు, మూడింతల కిరాయి ఇస్తానంటాడు. అప్పు లేని నాఖుదా కాదనగలడు. అప్పున్న నాఖుదా ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఒక్క క్షణం కోసమే ఈ లెక్కలన్నీ. వాయిదాలు ఎగవేసి పారిపోయిన ఓడకు ప్రతి రేవులోను జప్తు భయం వెంటాడేటట్లు ఆ ఆటలో నియమం ఉన్నది. అప్పులవాడు దేశం విడిచినా అప్పు వానిని విడువదని మన పల్లెలలో తెలియనిదెవరికి?

రేవుల తరగతులు కూడా ఇట్టివే. ఆ ఆటలో రేవులను అయిదు తరగతులుగా విభజించినారు. మొదటి తరగతి రేవులో నక్షత్ర నౌకలను నిర్మించవచ్చును, శుద్ధి చేసిన ఇంధనం లభించును. మూడవ తరగతిలో శుద్ధి చేయని ఇంధనమే దిక్కు. అయిదవ తరగతి రేవు అనగా గట్టి నేల మీద గుర్తు పెట్టిన చోటు మాత్రమే, అక్కడ ఇంధనము లేదు, మరమ్మతు లేదు. శుద్ధి చేసినది టన్ను 500 క్రెడిట్లు, చేయనిది 100. చౌకది పోస్తే యంత్రం మొరాయించవచ్చును, ఓడ దారి తప్పవచ్చును. టన్నుకు 400 ఆదా చేయుటకు ఓడలోని ప్రాణాలను పణంగా పెట్టవచ్చునా? ఈ ప్రశ్నను ఏ నీతిశతకమూ ఇంత సూటిగా ఒక యువకుని ముందు పెట్టదు. ఎందుకనగా ఇక్కడ జవాబు చెప్పవలసినవాడు అతడే, పాచిక వేయవలసినవాడు కూడా అతడే.

ఇక అన్నింటికంటె నన్ను కలవరపెట్టిన నియమాన్ని చెబుతాను. శీతల నిద్ర ప్రయాణం పేదవాని ప్రయాణం. అతనిని గడ్డకట్టించి పెట్టెలో ఉంచుతారు, గమ్యం చేరిన తరువాత మేల్కొలుపుతారు. రెండు పాచికలు వేసి అయిదు లేక అంతకు మించి పడితే అతడు బ్రతుకుతాడు. వైద్యుని నేర్పును బట్టి, ప్రయాణికుని దేహబలాన్ని బట్టి కొద్ది మార్పులుండవచ్చును. ఏ మార్పూ లేనిచో ఆరుగురిలో ఒకరు లేవరు. పైగా ఒక లాటరీ కూడా కలదు. తలకు పది క్రెడిట్లు వేసికొని, ఎందరు బ్రతికి లేస్తారో ప్రయాణికులే పందెం కాస్తారు. సరిగా ఊహించినవాడు తానే లేవకపోతే ఆ సొమ్ము నాఖుదాకు చెందును. ఆటగాళ్ళు అనేకులు ఈ నియమాన్ని చదివి నవ్వి ఊరుకుంటారు. నవ్వదగిన విషయమా ఇది? తన ఓడలో చచ్చినవాని పందెపు సొమ్ము తన జేబులో పడునని తెలిసిన నాఖుదా, అనుభవం గల వైద్యునికి జీతమిచ్చి పెట్టుకొనునా?

ఇది కేవలం కల్పన అనుకొనరాదు. చరిత్రలో ఇట్టి ఓడలు నడిచినవి. 1880లో ‘జెడ్డా’ అనే ఆవిరి ఓడ 900 మందికి పైగా హజ్ యాత్రికులతో సింగపూరు, పెనాంగ్ రేవుల నుండి బయలుదేరింది. ఆగస్టు మాసంలో తుఫానుకు దెబ్బతిని ఓడలోనికి నీరు రాసాగింది. నాఖుదా, అధికారులు యాత్రికులను నడిసముద్రంలో వదిలి పడవలో తప్పించుకొన్నారు. ఏడెన్ చేరి ఓడ మునిగిపోయిందని చెప్పినారు. అంతలోనే మరొక ఓడ ఆ జెడ్డాను, దానిలోని యాత్రికులతో సహా, లాగుకొని అదే రేవుకు చేర్చింది. రేవులో విచారణ జరిగింది. నాఖుదా యోగ్యతా పత్రాన్ని మూడేండ్లు నిలిపివేసినారు. జోసెఫ్ కాన్రాడ్ 1900లో వెలువరించిన ‘లార్డ్ జిమ్’ నవలకు ఈ ఘటనయే ప్రేరణ. మూడేండ్ల శిక్ష చాలునా చాలదా అన్నది వేరే చర్చ. రేవనేది, విచారణ అనేది లేకున్న యెడల ఆ అబద్ధమే చరిత్రగా నిలిచియుండెడిది కదా! యాత్రికుల పేర్ల జాబితా ఎవరికో విసుగు పుట్టించే కాగితం కావచ్చును. కాని ఆ జాబితాయే, ఆ ఓడలో ఇంతమంది మనుషులున్నారని లోకానికి చెప్పే సాక్షి.

నియమం ఉన్నంత మాత్రాన చాలదనుటకు కూడా చరిత్రలో ఉదాహరణ ఉన్నది. మితిమీరిన బరువుతో ఓడలు మునిగి నావికులు మరణిస్తూ ఉండగా, శామ్యూల్ ప్లిమ్సాల్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టి పోరాడినాడు. ఓడ ప్రక్కన బరువు గీత గీయవలెనని 1876లో చట్టం వచ్చింది. కాని ఆ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించే అధికారం ఓడ యజమానికే వదిలినారు. గీత స్థానాన్ని చట్టమే నిర్ణయించుటకు 1890 వరకు ఆగవలసివచ్చింది. దొంగ చేతికే తాళం చెవి ఇచ్చినట్లయినది ఆ పదునాలుగేండ్లు. క్రీడను నిర్వహించే రిఫరీలు ఈ పాఠాన్ని గుర్తుంచుకోవాలి. ఈ లోకంలో చట్టం ఉన్నదని చెప్పి ఊరుకొంటే ప్రయోజనం లేదు. ఆ చట్టం ఎక్కడ గీత గీస్తుంది, ఎవరు గీస్తారు, దాటితే ఏమగును అన్నది స్పష్టం కావాలి.

మన తీరానికి ఈ విషయం కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం 1244-45 నాటిది. అంతకు పూర్వపు రాజులు, గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సొత్తునంతా బలవంతంగా లాగుకొనేవారు. ధనం ప్రాణం కంటె ప్రియమైనదని తలచి, సముద్రం మీద సాహసించి వచ్చే వర్తకులకు, నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా విడిచిపెట్టుచున్నామని ఆ రాజు ప్రకటించినాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పదింట ఒక వంతు. ఆ శాసనంలోని రాజనీతిని పరికించండి. వర్తకుడు సుంకానికి భయపడడు, సుంకం ఎంతో తెలియకపోవుటకు భయపడతాడు. అంకె రాతి మీద చెక్కి ఉన్నప్పుడు సుంకాధికారి చేయి చాచుటకు సందు తగ్గును. పగిలిన ఓడ ఎవరిదన్న ప్రశ్న అంతరిక్ష క్రీడలో కూడా తరచుగా ఎదురగును. దిక్కులేక తేలుతున్న నౌక కనబడగానే ఆటగాళ్ళు దోచుకొనుటకు సిద్ధపడతారు. నేటి సముద్ర చట్టం ప్రకారం ఆపదలోని ఓడ యజమానిది యజమానిదే, రక్షించినవానికి తగిన ప్రతిఫలం మాత్రమే హక్కు. ఈ ఒక్క నియమాన్ని ఆటలో ప్రవేశపెట్టిన యెడల దోపిడీ రక్షణగా మారుతుంది.

మచిలీపట్నాన్ని మనమందరం బందరు అంటాము. బందర్ అనగా పారసీకంలో రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ రేవు నుండి ఎఱ్ఱసముద్రం వరకు ఓడలు నడిచినవి. రేవు వ్యవహారాలను చూచే అధికారిని షాబందర్ అనేవారు. నౌకాసైన్యాధిపతికి ఇంగ్లీషులో వాడే అడ్మిరల్ అన్న మాట అరబ్బీ అమీర్ నుండి వచ్చింది. సుంకపు పట్టికకు వాడే టారిఫ్ అన్న మాటకు మూలం అరబ్బీ తారీఫ్. అంతెందుకు, మీ చేతిలోని ఈ మ్యాగజైన్ అన్న పేరుకే మూలం సరుకు కొట్లను తెలిపే అరబ్బీ మఖాజిన్. ఉర్దూ తెలుగు భాషలు ప్రక్కప్రక్కన ముద్రితమయ్యే ఈ పుటలలో ఈ మాట చెప్పుట సముచితం. భాషలు మొదట కలిసికొనేది పండిత సభలలో కాదు, రేవులలో, సుంకపు చావడులలో, తూనిక రాళ్ళ దగ్గర.

ఇంత చెప్పినంత మాత్రాన రేవు నియమాలన్నీ పవిత్రమైనవని నా వాదన కాదు. అంటువ్యాధుల భయంతో 1377లో రగూసా నగరం బయటినుండి వచ్చినవారిని ముప్పది దినాలు దూరంగా ఉంచింది. తరువాత అది నలువది దినాలై, క్వారంటీన్ అన్న పేరు స్థిరపడింది. ప్రజారోగ్యానికి అది అవసరమే. 1882 నుండి హజ్ యాత్రికులను ఎఱ్ఱసముద్రంలోని కమరాన్ దీవిలో ఇట్లే ఆపేవారు. వ్యాధి నివారణ అవసరమైనను, ఎండలో, అపరిచిత భూమిలో, రుసుము చెల్లించి నిరీక్షించే పేద యాత్రికునికి అది శిక్షగా తోచుటలో ఆశ్చర్యమేమి? ఒకే నియమం ఒకరికి రక్షణ, మరొకరికి అవమానం. ట్రావెలర్‌లో కూడా నిషిద్ధమని ఎఱ్ఱ గుర్తు పెట్టిన లోకాలు ఉన్నవి. ఆ గుర్తు లోపలివారిని కాపాడుటకా, బయటివారిని కాపాడుటకా, లేక ఎవరిదో రహస్యాన్ని కాపాడుటకా అని ఆటగాడు ప్రశ్నించాలి. అట్లే ఆ ఆటలో కచేరీ వ్యవహారాల నేర్పు ఒక విద్య, లంచమిచ్చు నేర్పు మరొక విద్య. రెండింటికి రెండు అంకెలు కలవు. ఏ అంకెను వాడుకోవాలో ఎన్నుకొనుట ఆటగాని శీలానికి పరీక్ష.

ఆక్షేపించువారి మాటలో సత్యం లేకపోలేదని మొదటనే అన్నాను. ఏ నియమమైనా కథను మింగివేసే స్థాయికి పెరిగితే అది దోషమే. సాయంకాలమంతా టన్నుల లెక్కతో గడిచిపోతే మిత్రులు మరునాడు రారు. కావున కొన్ని సూచనలు చేయ సాహసిస్తున్నాను. నాలుగు కాగితాలకు మించి వద్దు: ఓడ నమోదు పత్రం, సరుకు జాబితా, ప్రయాణికుల జాబితా, ఆరోగ్య ప్రకటన. నెలసరి పద్దును ఆటకు ముందే వ్రాసిపెట్టుకోవాలి, బల్ల దగ్గర అయిదు నిమిషాలకు మించి దానికి కేటాయించరాదు. ఒక్కొక్క రేవుకు ఒక్క ప్రత్యేక నియమం చాలును, కాని ఆ నియమానికి ఆ లోకంలో కారణం ఉండాలి. గాలి కొరత గల లోకంలో మొక్కల దిగుమతిపై కఠిన పరీక్ష సహజం. ఒకప్పుడు అంటువ్యాధితో సగమైన ఊరిలో శీతల నిద్ర పెట్టెలను తెరిచి చూచుట సహజం. చివరగా, రేవు అధికారిని విదూషకునిగా చిత్రించవద్దు. అతనికి కుటుంబమున్నది, పై అధికారి భయమున్నది, నిన్న మోసపోయిన జ్ఞాపకమున్నది. అతడు కఠినుడైనా కారణం లేని కఠినుడు కారాదు.

శీతల నిద్ర లాటరీ విషయంలో మాత్రం నాది సూచన కాదు, అభ్యర్థన. ఆ నియమాన్ని తీసివేయవద్దు. తీసివేస్తే లోకం మంచిదైపోయిందని మనలను మనమే మభ్యపెట్టుకొన్నట్లగును. దానిని ఉంచి, మేల్కొననివాని పేరును ప్రయాణికుల జాబితా నుండి రేవు అధికారి గట్టిగా చదువునట్లు ఏర్పాటు చేయండి. అతని కోసం ఎదురుచూస్తూ రేవు గుమ్మంలో ఒకరు నిలబడి ఉండనీయండి. నాఖుదా పాత్రధారి ఆ మనిషికి ఏమి సమాధానం చెబుతాడో విందాము. పందెపు సొమ్ము తీసికొనునో, తిరిగి ఇచ్చునో చూద్దాము. రెండు దుముకుల తరువాత అతడు మంచి వైద్యుని కోసం వెదకసాగితే, ఏ ఉపన్యాసమూ సాధించలేనిది ఆ ఆట సాధించినట్లే.

విద్యార్థి మిత్రులారా! మనలో కొందరు రేపు కస్టమ్స్ కార్యాలయాలలో, రేవులలో, విమానాశ్రయాలలో, బ్యాంకులలో బల్లకు ఆవలి వైపు కూర్చుంటారు. మరికొందరు చేతిలో కాగితాలు పట్టుకొని పరాయి దేశపు కిటికీ ముందు వరుసలో నిలబడతారు. గల్ఫు దేశాలకు బంధువులను పంపిన ఇండ్లకు ఆ వరుస ఎంత పొడవైనదో చెప్పనవసరం లేదు. బల్లకు రెండు వైపులా కూర్చొని చూచే అవకాశం జీవితంలో అరుదు, ఆటలో సులభం. ఒకనాడు నాఖుదాగా, ఒకనాడు సుంకాధికారిగా, ఒకనాడు శీతల నిద్రకు సిద్ధపడే పేద ప్రయాణికునిగా ఆడి చూడండి. ఆ తరువాత కూడా రేవు నియమాలు నీరసమని మీకు తోచిన యెడల, వాటిని నిస్సంకోచంగా విడిచిపెట్టవచ్చును.